పులిహోర గుండిగ మూత

మా మేనల్లుడూ వాడి స్నేహితులు నలుగురూ మారేడుమిల్లి అడవిలో రెండు రాత్రులు డేరా వేసుకుని ఉండి వచ్చి, వెంట తీసుకెళ్ళిన ఐసు పెట్టెను రాజమండ్రిలో మా వరండాలో పడేసి స్నానాలకు పోయారు. చిన్నప్పటి మా ఇంటి ట్రంకు పెట్టె అంత ఉంది. ఏముందోనని మూత తీశాను. కరిగిపోయిన ఐసు నీళ్ళలో ఉబ్బిన బ్రెడ్డు, మసాలా పట్టించి కాల్చడం మర్చిపోయిన కోడి ముక్కలు, నీళ్ళు చొరబడిన పెరుగు డబ్బా, ఇవన్నీ కలిసి కొట్టిన కంపుకి రెండడుగులు వెనక్కి వేశాను. వీడు వెళ్ళే ముందు నాకు ఫోన్లో చూపించాడండీ, ఫ్రిజ్ లేని చోట మూడు రోజులు ఏం తినాలో గంట గంటకీ రాసుకున్న ప్లాను. అంత ప్లానూ వేసుకుని, చివరికి రోడ్డు పక్క బొంగులో చికెన్ కొనుక్కు తిని బతికారట. ఏడ్చినట్టుంది.

ప్లాను వేయడం చూడాలంటే మా అమ్మ వేయగా చూడాలి. కాగితం లేదు, కలం లేదు. మాది మండపేట దగ్గర పల్లె. తొంభైలలో, నేను ఐదో తరగతో ఆరో తరగతో చదివే రోజుల్లో, ఏటా కార్తీకమాసం చివర మా నాన్న, పెదనాన్న, వాళ్ళ బాబాయిగారబ్బాయి, మూడు కుటుంబాలూ కలిపి పద్దెనిమిది మందిమి, రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కి పాపికొండల దాకా వెళ్ళి, దారిలో ఇసుక తిన్నెల మీద టార్పాలిన్లు కట్టుకుని రెండు రాత్రులు పడుకుని మూడో రోజుకి తిరిగొచ్చేవాళ్ళం. కోతల ముందు వరి చేల వాసన, పొద్దున్నే మంచులో తడిసిన గడ్డిమేటు వాసన, వీధి వీధినా ఉసిరికాయలు ఎండబెట్టిన చాటలు, దీపాలు పెట్టి పెట్టి జిడ్డెక్కిన తులసికోట గట్టు, వీటి మధ్య మా వంటింట్లో వారం ముందు నుంచే నువ్వులు వేగుతూ, మినుములు దంగుతూ, బెల్లం పాకం తీగ సాగుతూ ఉండేవి. పిల్లలం పాకం గిన్నె అడుగు గీక్కోవడానికి వంతులు వేసుకుని, వంతు తప్పినవాడి జుట్టు పట్టుకుని కొట్టుకునేవాళ్ళం.

అమ్మ లెక్క ఒక్కటే: ఏది ముందు పాడవుతుందో అది ముందు తినాలి. మొదటి సాయంత్రానికి దిబ్బరొట్టెలూ అల్లం పచ్చడీ. ఆ రాత్రికి దద్దోజనం. అదీ పెరుగుతో కలపదు, మెత్తగా ఉడికిన అన్నంలో కాచిన పాలు పోసి ఒక్క చెంచాడు పెరుగు వేస్తుంది. అది దారిలోనే తోడుకుని, తినే వేళకి పులుపన్నది లేకుండా తియ్యగా ఉంటుంది. రెండో రోజు పొద్దున్నకి పులిహోర, చింతపండు పులుసు గట్టిగా, నువ్వుల నూనె ధారాళంగా. ఆ మధ్యాహ్నం ఇసుకలో రాళ్ళ పొయ్యి మీద అన్నం ఒక్కటే వండుకుంటే చాలు, కందిపొడి, మాగాయ, ఊరమిరపకాయలు, పేరుకున్న నెయ్యి సిద్ధంగా ఉంటాయి. మూడో రోజుకి సున్నుండలు, జంతికలు, చేగోడీలు. గిన్నెల మీద పాత పంచె గుడ్డ కట్టి, మొదటి పూటదానికి ఒక ముడి, రెండో పూటదానికి రెండు, మూడో పూటదానికి మూడు ముడులు వేసేది. కొస లోపలికి దోపిన గట్టి ముడులవి. చదువు రానివాళ్ళు కూడా తడుముకుని ఏ పూట ఏది విప్పాలో తెలుసుకోవచ్చు. ఆ ముడి వేయడం నాకు ఆవిడే నేర్పింది.

ఇక కాగితం ప్లాను మా పెదనాన్నది. ఆయన మండపేటలో రైసుమిల్లు గుమాస్తా. మెడలో మఫ్లరు, జేబులో ఈల, చేతిలో కార్బన్ పేపరు పెట్టి మూడు కాపీలు తీసిన పెద్ద కాగితం. పొయ్యి రాజెయ్యడం కూడా తెలియని మహానుభావుడు వంటల పట్టిక రాసేవారు. ఒక ఏడు రెండో రోజు పేరు కింద "పచ్చికొబ్బరి చట్నీ" అని రాశారు. కోనసీమలో సగం చుట్టరికాలున్న మనిషికి పచ్చికొబ్బరి ఎంతసేపు నిలవుంటుందో తెలియదు.

"బావగారూ, కొబ్బరి పచ్చడి సాయంత్రానికే పాడవుద్దండీ" అంది అమ్మ తలుపు చాటు నుంచి.

"రాసింది చెయ్యమ్మా వరం, ప్లాను ప్లానే" అన్నారాయన.

అమ్మ అల్లం పచ్చడే ఇంకాస్త ఎక్కువ చేసి కట్టింది. ఆయన మా అందరి ముందూ దాన్ని లొట్టలు వేసుకుని తిని, ప్లాను బ్రహ్మాండంగా ఉందని తనని తానే మెచ్చుకున్నారు. మా దొడ్డమ్మ, అంటే ఆయన భార్య, ఏ పనీ ముట్టుకోకుండా దిండు ఒకటి చంకన పెట్టుకుని వచ్చి లాంచీలో చల్లగాలి తగిలే చోట కూర్చునేది. మా నాన్న అన్నగారి ముందు నోరెత్తి ఎరగడు. నేనూ ఏం తక్కువ తినలేదు. ఈల, మఫ్లరు, కాగితం ఉన్న మనిషే గొప్ప మనిషని నమ్మి, ఆయన వెనకే తిరుగుతూ, అమ్మని చూసి ఆయన నవ్వితే నేనూ నవ్వేదాన్ని.

ఇన్ని కట్టిన అమ్మ మాత్రం ఒక్కసారి కూడా ఆ లాంచీ ఎక్కలేదు. మా గేదె మరో చెయ్యి పడితే పాలు ఇచ్చేది కాదు. ఆ వంక మీద ఏటా పద్దెనిమిది మంది వ్యాను ఎక్కడం, అమ్మ గుమ్మంలో నిలబడి ఏ ముడి ఎప్పుడు విప్పాలో మళ్ళీ ఒకసారి చెప్పడం, వ్యాను కదలడం. తిరిగొచ్చాక కొండలు ఎలా ఉన్నాయని అడిగేది కాదు. ఏదైనా పాడయ్యిందా అని మాత్రం అడిగేది.

ఒక ఏడు గేదె వట్టిపోయింది. పితికే పాలు లేవు, గడ్డి వెయ్యడానికి పక్కింటావిడ ఒప్పుకుంది. పెదనాన్న పట్టిక చదివి వినిపిస్తుంటే అమ్మ మొదటిసారి తలుపు చాటు నుంచి బయటికొచ్చి, "ఈసారి నేనూ వస్తానండీ బావగారూ" అంది. ఆయన కాగితం మీద పేర్లు మళ్ళీ లెక్కపెట్టుకుని, సరే రమ్మన్నారు. అమ్మ ఆ వారమంతా వంటింట్లో కూనిరాగాలు తీసింది. పెట్టె అడుగునుంచి నెమలికంఠం రంగు చీర తీసి ఎండలో వేసింది. కొండల మధ్య గోదావరి సన్నగా అయిపోతుందంట కదే, నిజమేనా అని నన్ను నాలుగుసార్లు అడిగింది. నేను విసుక్కున్నాను.

ప్రయాణం శనివారం. పదకొండుకి వ్యాను, మూడింటికి రాజమండ్రిలో లాంచీ. పొద్దున ఎనిమిదికల్లా పులిహోర కలిపి, పెద్ద ఇత్తడి గుండిగలో మూత లేకుండా పెట్టి, అట్లకాడతో పైకీ కిందకీ కదిపి, తలంటుకోవడానికి వెళ్ళింది. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై దిగుతుందనీ, నీరు దిగిన పులిహోర రాత్రికి వాసన వస్తుందనీ మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. వీధిలో పెదనాన్న ఈల వేశారు. ఎవరింటి సామాను ముందు సర్దడం అయిపోతే వాళ్ళ పిల్లలకి వ్యానులో కిటికీ పక్క సీటని చాటించారు. నేను వంటింట్లోకి పరిగెత్తాను. మూత లేకుండా మిగిలింది పులిహోర గుండిగ ఒక్కటే. చెయ్యి పెట్టి చూశాను, కాలుతోంది. అయినా మూత పెట్టాను. గుడ్డ కట్టి, కొస లోపలికి దోపి, అచ్చం అమ్మ వేసినట్టే మూడు ముడులు వేశాను. కిటికీ సీటు నాకే వచ్చింది.

అమ్మ తలారబెట్టుకుని, నెమలికంఠం చీర కట్టుకుని, జడలో చామంతులు పెట్టుకుని, కట్టిన మూటలు వ్యానుకి చేరవేయడంలో పడింది. వ్యానులోకి గుండిగ ఎత్తబోతూ దాని పొట్ట మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ముడులు విప్పి మూత తీసింది. మూత లోపలి నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పులిహోర మీద పడ్డాయి.

"అయ్యో, నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది. ఏ ధ్యాసలో పెట్టేసేనో మూత" అంది అమ్మ. ముడి తన చేతిదే అనుకుంది.

"అందుకే అంటాను, ఆడాళ్ళకి ప్రయాణం ధ్యాస పడితే చేతిలో పని పాడవుద్దని" అన్నారు పెదనాన్న, అందరూ వినేట్టుగా.

"పోనీ అన్నయ్యా, అది లేకుండానే పోదాం" అని నాన్న జీవితంలో ఒక్కసారి గొణిగాడు.

"రేపు పొద్దున్న పద్దెనిమిది మందికీ ఏం పెడతావ్? ఇసక పెడతావా?"

అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. మళ్ళీ వండుతాను, మీరు పదండి అంది. మా ఊరి మీదుగా పన్నెండింటి బస్సు పోతే మళ్ళీ మూడు దాటాకే. కాబట్టి నాన్న ఉండి, వంట కాగానే తన మోపెడ్ మీద గుండిగను లాంచీ రేవుకు తేవాలని నిర్ణయమైంది. మోపెడ్ మీద నాన్న, వెనక సీటు మీద తాళ్ళతో కట్టిన గుండిగ. ఇంకొకరికి చోటు లేదు. కిటికీ పక్కన కూర్చుని నేను ఇదంతా చూశాను. నోరు తెరిస్తే సీటు పోతుందని భయం. ఛీ, నేనూ ఒక మనిషినేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నాన్న సమయానికే వచ్చాడు. లాంచీ కదిలింది. ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టాం, తడి ఇసుకలో చేతులు మోచేతుల దాకా దూర్చి సొరంగాలు తవ్వాం, ఒడ్డున దొరికిన నున్నటి రాళ్ళ కోసం కొట్టుకున్నాం. తెల్లవారేసరికి నది మీద పొగమంచు, ఒకటే చలి. లాంచీ వంటవాడు వేడి వేడి ఉప్మా చేస్తానన్నాడు. పెదనాన్న మఫ్లరు చెవులకి చుట్టుకుని, ఈ చలిలో చల్లటి పులిహోర ఎవడు తింటాడు, ఉప్మాయే కానీ అన్నారు. తర్వాత అన్ని పూటలా ఆ వంటవాడిదే. గుండిగ ముడులు విప్పినవాళ్ళు లేరు.

మూడో రోజు మధ్యాహ్నం, బరువెందుకని, దాన్ని లాంచీ అంచున వంచి గోదావట్లో పారబోశారు. నేను దగ్గరే ఉన్నాను. పాడవలేదండీ. మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది, ఇంగువ వాసన కూడా తగ్గలేదు. నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అమ్మ అడగనే అడిగింది, పులిహోర బాగుందా అని. "మెతుకు మిగల్లేదమ్మా" అన్నారు పెదనాన్న. నేను పక్కన నిలబడి తలూపాను.

మరుసటి ఏడు ఆయన కాగితం పట్టుకొస్తే అమ్మ, "నాకు చేత కాదండీ, మతిమరుపొచ్చేసింది" అంది. ఆ ఏడు హోటలు పొట్లాలతో వెళ్ళి సగం మంది కడుపులు పట్టుకుని తిరిగొచ్చారు. ఆ తర్వాత ప్రయాణాలే ఆగిపోయాయి. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చాక అమ్మ కందిపొడి, సున్నుండలు, ఆఖరికి మాగాయ జాడీ కూడా అందులోనే పెట్టేది. మాగాయని ఫ్రిజ్‌లో పెట్టే మొహమేనా నీదని ఏళ్ళ తరబడి ఎగతాళి చేశాను. మనుషులకి నిలవుండే వంట రాకుండా చేసింది ఈ ఫ్రిజ్జేనని ఎక్కడ పడితే అక్కడ ఉపన్యాసాలిచ్చాను. ఐసు పెట్టె మీద మేనల్లుణ్ణి దులిపేసింది కూడా ఆ నోటితోనే.

దులిపేస్తుంటే అమ్మ వరండా కుర్చీలో కూర్చుని వింటోంది. నాన్న పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరే ఉంటోంది. పిల్లలు లోపలికి వెళ్ళాక, "వాళ్ళనెందుకే అంటావు? పాడవడం అందరి చేతుల్లోనూ పాడవుద్ది. ఆ రోజు నా చేతిలో పాడవలేదా?" అంది.

ఇక ఆగలేకపోయాను. మూత పెట్టింది నేనే అని చెప్పాను. కిటికీ సీటు, ఈల, మూడు ముడులు, అన్నీ చెప్పాను. గోదావట్లో పారబోసిన సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పాపికొండలకి ఇప్పుడైనా తీసుకెళ్తానమ్మా అందామంటే, మేం పడుకున్న ఆ ఇసుక తిన్నెలు నీళ్ళ కిందకి పోయాయంటున్నారు. ఆవిడ మోకాళ్ళు లాంచీ మెట్లు ఎక్కనివ్వవు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అమ్మ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటి వైపు చూసింది.

"అయితే మూత నేను పెట్టలేదన్నమాట" అంది.