మామ, నీళ్లు తాగే బండి

మామ పోయాడన్న కబురు మిర్యాలగూడలో కోదాడ బస్సు కండక్టరు చెప్పాడు. బడికి పోతున్న నన్ను ఆపి, "మీ మామ తెల్లారంగ పోయిండు తమ్మీ. ఎక్కు" అన్నాడు. ఏమైందని అడిగితే, "ఏమో, ఎవ్వరికీ సమజ్ కాలే" అన్నాడు. దారి పొడవునా ఆ మాటే నా చెవుల్లో తిరిగింది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మీలో చాలామంది ఆయనను ఎరగరు. మా అమ్మకు తమ్ముడు. యుద్ధంలో వాడి వదిలేసిన ఒక పాత పికప్ బండి ఆయనకుండేది. ముందు ఇద్దరికి చోటు, వెనక చెక్క తొట్టి. కోదాడ వడ్ల బస్తాలను మిర్యాలగూడ మిల్లుకు చేరవేసేవాడు. గొప్ప మెకానిక్కేమీ కాదు. బండి మొరాయిస్తే అందరికంటే ముందు ఆయనే తికమకపడేవాడు. కానీ దాన్ని దాచుకునేవాడు కాదు. "సమజైతలేదు అల్లుడా" అంటూనే చేతులు పనిలో పెట్టేవాడు. "సమజైనంక సేస్తనంటె పొద్దుగూకుతది. సేసుకుంట పోతె అదే తెలుస్తది" అనేవాడు. నేను లెక్క తేలక పలక ముందు కూర్చున్నప్పుడూ అదే మాట.

పోలీసు చర్యకు మిలిటరీ వచ్చిన తర్వాతి ఎండాకాలం. అత్తకు నొప్పులు మొదలై, మరునాటికీ బిడ్డ బయటపడలేదు. మంత్రసాని ఇక తనవల్ల కాదంది, సూర్యాపేట దవాఖానకు తీసుకుపొమ్మంది. తొట్టిలో గడ్డి పరిచి అత్తను పడుకోబెట్టాం. పక్కన అమ్మమ్మ కూర్చుంది. ముందు మామ, నేను. మునగాల దాటామో లేదో ఇంజను ముందు నుంచి ఆవిరి బుస్సుమంది. చల్లారాక రేడియేటరు మూత తీస్తే లోపల నీళ్లు లేవు. బయలుదేరేటప్పుడు నిండా పోశాం! వెంట తెచ్చిన రెండు కుండల్లో ఒకటి పోసి కదిలితే, కొంత దూరానికే మళ్లీ అదే ఆవిరి.

మిగిలింది ఒక్క కుండ. చుట్టుపక్కల కుంటలన్నీ ఎండి ఉన్నాయి. వేరే బండి జాడ లేదు. ఆ నీళ్లు కూడా పోతే అత్త, కడుపులో బిడ్డ ఆ గడ్డి మీదే... ఆ ఆలోచనను నేను పూర్తి చేయలేకపోయాను.

బండి కిందికి దూరాను. నేల మీద ఒక్క చుక్క లేదు. కారడం, ఊరడం, చెమర్చడం అని బడిలో ఎంతో ఇష్టంగా నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అక్కడ కనిపించలేదు.

"గొట్టం పలిగిందేమో మామా."

"పలిగితె తడుండాలె గద."

"మరి ఎటు పోయినయ్? బండే తాగుతున్నదా?"

"సదువుకున్నోనివి, నువ్వే సెప్పాలె."

తొట్టిలోంచి అత్త మూలుగుతూనే అంది: "ఓ పిల్లగా, మీ మామకు నా కడుపు పట్టదు. ఎంతసేపూ దాని కడుపే సూస్తడు!"

మామ అమ్మమ్మ వైపు తిరిగాడు. ఉన్నట్టుండి, "అమ్మా, నీ సున్నం డబ్బీ ఇయ్యి. పురిటి మూటల పసుపున్నది గద, గదీ ఇయ్యి" అన్నాడు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని హారతి నీళ్లు కలిపే ప్రతి ఇంటికీ తెలుసు. చివరి కుండలో పసుపు కలిపి బండికి పోశాడు. గొట్టాలకూ అతుకులకూ సున్నం పూశాడు. నీళ్లు ఎక్కడ బయటికొస్తే అక్కడ ఎరుపు తేలాలి.

తేలింది. ఇంజను తిప్పకముందే, పూసిన చోటల్లా తేలింది.

మామ నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. అప్పుడు అమ్మమ్మ నెమ్మదిగా, "శుక్రారం శుక్రారం నేను పసుపు రాస్తున్న గద" అంది.

"బండి ముందట గదనే రాసేది?"

"గుండెకాయ లోపలున్నది గదరా! గాడ రాయకపోతె ఎట్ల?"

మామ నెత్తి పట్టుకున్నాడు. నొప్పుల మధ్యే అత్త నవ్వింది. కండువాతో అంతా రుద్ది తుడిచాం. డబ్బీ అడుగు గీకి మిగిలిన సున్నం మళ్లీ పూశాడు. ఈసారి తెల్లగానే ఉంది. ఇంజను తిప్పాడు. నీళ్లు వేడెక్కేసరికి పంపు దగ్గరి రబ్బరు గొట్టం అడుగున వెంట్రుకలాంటి ఎర్రగీత లేచింది. ఇంజను తిరిగేటప్పుడే విచ్చుకునే పగులు అది. కారిన నీళ్లు కారినట్టే పక్కనున్న కాలే ఇనుము మీద ఆవిరైపోతున్నాయి. అత్త కొంగు చింపి ఇచ్చింది. దాన్ని బిగించి కట్టి, మెల్లగా సూర్యాపేట చేరాం.

ఈ చలికాలం మొదట్లో మామ చిక్కిపోసాగాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. కోదాడలో చూపించారు, సూర్యాపేటలో చూపించారు. ఎవరికీ ఏమీ దొరకలేదు. చివరిసారి కలిసినప్పుడు, "సమజైతలేదు అల్లుడా" అని నవ్వాడు. నాకైతే ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను, అంతే.

ఆయనను తలుచుకుంటే ఆనాటి దవాఖాన గుమ్మమే కళ్లముందుకొస్తుంది. బెజవాడ వైపు నర్సమ్మ మామ చేతులు చూసి అదిరిపడింది. "అయ్యో, ఇంత రక్తమేంటండీ! ముందు ఈయన్ని కూర్చోబెట్టండి!"

"నాది కాదమ్మా, బండిది. నా పెండ్లాం గాడున్నది, ముందుగాల ఆమెను సూడు!"

లోపలి నుంచి ఏడుపు వినబడేసరికి ఎండ వాలింది. అమ్మమ్మ పసిదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చింది. "తల్లీ బిడ్డా మంచిగున్నరు. ఎత్తుకోరా" అంది. మామ చేతులు చాచబోయి, ఎర్రటి అరచేతులు చూసుకుని ఆగిపోయాడు. కడుక్కొచ్చేంత ఓపిక లేదు. రెండు చేతులూ వీపు వెనక దాచుకుని, నడుము వంచి, బిడ్డ ముఖంలోకి చూస్తూ అలాగే ఉండిపోయాడు.