గోడకీ తలకీ మధ్య

ఆవిడ పోయిన సంగతి మాకు చాయ్ బండి కాకా చెప్పాడు. ఆ మంగళవారం పొద్దున ఆరున్నరకి నేనూ నాన్నా ఎప్పటిలాగే లింబాయత్‌లోని ఆ సందులోకి వెళ్లేసరికి ఆవిడ గది షట్టర్ దించి ఉంది. మాకంటే ముందు వచ్చిన ముగ్గురు మెట్ల మీద కూర్చున్నారు. "బెన్ గుజరీ గయా," అన్నాడు కాకా గుజరాతీలో, గిన్నెలోంచి కళ్లెత్తకుండా. ముందురోజు సాయంత్రమే పోయారట. విన్నాక కూడా మెట్ల మీదివాళ్లు లేవలేదు. మాలాంటి జబ్బు ఉన్నవాళ్లు ఒకసారి కూర్చుంటే లేవడం కష్టం. రోజూ చెయ్యి ఇచ్చి లేపేది ఆవిడే.

ఆవిడ ఫిజియోథెరపిస్టు. మరమగ్గాలు నడిచే మా సాంచెల వాడలో అందరూ కస్రత్ డాక్టరమ్మ అనేవారు. సొంతూరు గుంటూరు వైపు. భర్త ఉద్యోగం హజీరాలో, ఇల్లు కంపెనీ టౌన్‌షిప్‌లో. అంత దూరం నుంచి, షిఫ్టు మొదలవకముందే మమ్మల్ని చూడటానికి, తెల్లారకుండానే ఎందుకు బయల్దేరి వచ్చేవారో అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు. ఆవిడని నేను అడగనివి చాలా ఉన్నాయి.

నాన్న సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ సాంచెలు నడుపుతున్నాడు. నడుము ఎప్పుడు వంగడం మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. సాంచె మీద వంగి వంగి అలా అయిందన్నారు అందరూ. మేమూ అదే అనుకున్నాం. బెల్టు, మాలిష్, మెడికల్ షాపు మాత్రలు. పదేళ్లు అలాగే గడిచాయి. ఆవిడ మాత్రం మొదటిరోజే ఒక ప్రశ్న అడిగారు.

"పొద్దున లేచాక ఒళ్లు సాగడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"గంటన్నర వడ్తది డాక్టరమ్మ. పనిల వడ్డంక మంచిగైతది."

"పనిలో పడ్డాక తగ్గే నొప్పి పని వల్ల వచ్చింది కాదండీ," అని పరీక్షలకి రాసి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ దాని పేరు చెప్పారు, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయని ఆవిడ వివరిస్తుంటే నాన్న కాసేపు ఆలోచించాడు.

"గంజి ఎక్కువైన పడుగు లెక్కనా?"

"అచ్చం అంతే. కాకపోతే దీన్ని మళ్లీ ఉతకలేం. అతుక్కున్నది అతుక్కున్నట్టే. మిగిలింది పోకుండా చూసుకుందాం."

ఆవిడ అబద్ధం చెప్పేవారు కాదు. అదే మాకు భయం, అదే ధైర్యం.

రోజుకి మూడుసార్లు, ఒక్కోటి పదేసి చేయమని నాన్నకి కాగితం మీద కసరత్తుల బొమ్మలు గీసి ఇచ్చారు. వారం తర్వాత సెలవు రోజున నాన్న చాప పరిచి, వారంలో చెయ్యనివన్నీ కలిపి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చేశాడు. కార్ఖానాలో నేసిన మీటర్లు తగ్గితే ఒకరోజు డబుల్ షిఫ్టు చేసి నింపేస్తారు. ఇదీ అంతే అనుకున్నాడు. తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. మూడోరోజు సంగతి విని ఆవిడ ముందు నవ్వారు, తర్వాత తలపట్టుకున్నారు.

"ఒళ్లు మీటర్ల లెక్కన నడవదు అన్నగారూ."

"మరేం జెయ్యాలె డాక్టరమ్మ? షిఫ్టుల యాదికుండది."

"పోగు ఎన్నిసార్లు తెగుతుంది షిఫ్టులో?"

"గది లెక్కవెట్టెతట్టున్నదా? చెడ్డ నూలు వచ్చిందంటె ఆగనే ఆగది."

"అయితే పోగు తెగినప్పుడల్లా ముందు మెడ ఎత్తండి, భుజాలు వెనక్కి లాగండి. తర్వాతే అతకండి."

ఆ రోజు ఆ కాగితం ఆవిడే చించేశారు. తప్పు నాన్నది కాదు, తను రాసిచ్చిన పద్ధతిది అన్నారు. తర్వాత ఆ కార్ఖానాలో పోగు తెగితే పక్క సాంచెలవాళ్లు "ఎత్తు మెడ, ఎత్తు మెడ" అని అరిచి ఆటపట్టించేవారట. నాన్న ఎత్తేవాడు. ఎత్తినా పెద్దగా లేచేది కాదు.

నేను ఆ గదికి ఫైలు పట్టుకుని వెళ్లేదాన్ని. మూలన కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. కాన్వెంటులో సిస్టర్లు ప్రేయర్‌లో నిటారుగా నిలబడమని నన్నే ఎక్కువగా కోప్పడేవారు. బద్ధకం అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు ఆవిడ వెనక నుంచి పిలిచారు, నేను తిరిగాను.

"అమ్మాయ్, నువ్వు మెడ తిప్పట్లేదు. మనిషివే తిరుగుతున్నావ్."

 పొద్దున్నే మంచం మీద ఎంతసేపు కదల్లేక ఉండిపోతానో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాన్న నా వైపు చూడటానికి మనిషంతా తిరిగాడు. ఇద్దరం ఒకేలా తిరిగామని అప్పుడే గమనించాను.

నాకూ అదే జబ్బని పరీక్షల్లో తేలాక, ప్రతినెలా ఒకటో తారీకు మా ఇద్దరికీ గోడ రోజు. మడమలు, వీపు గోడకి ఆనించి తల వెనక్కి నొక్కాలి. తలకీ గోడకీ మధ్య ఎంత ఖాళీ ఉందో ఆవిడ టేపుతో కొలిచి ఫైల్లో రాసుకునేవారు. మాకు మాత్రం వేళ్లలోనే చెప్పేవారు. నాన్నకి ఒక చేతి వేళ్లన్నీ, ఇంకో చేతివి రెండూ. నాకు సున్నా. "దీన్ని సున్నాగానే ఉంచుతాం," అనేవారు, నా వెనక చెయ్యి పెట్టి చూస్తూ. ఆ వేళ్లు ఎప్పుడూ చల్లగా ఉండేవి.

ఒక ఆదివారం ఆవిడ మమ్మల్ని డుమస్ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లారు. మెత్తటి నేల మీద నడిస్తే మంచిదన్నారు. నల్ల ఇసుకలో మెల్లగా నడిచి, బండి దగ్గర టమాటా భజియా తిన్నాం. అంతలో మా మీదుగా ఒక విమానం బాగా కిందికి దిగుతూ వెళ్లింది. అందరూ తలెత్తారు. నాన్న ఎత్తలేడు. మోకాళ్లు వంచి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాడు. విమానం కనబడకుండా పోయేదాకా ఆవిడ ఆ బరువు మోస్తూనే నిలబడ్డారు.

"కనబడిందా అన్నగారూ?"

"తోక కనవడ్డది."

చివరి రెండు నెలలు ఆవిడ స్టూలు మీద కూర్చునే చెప్పారు. కుడిచెయ్యి ఎత్తేవారు కాదు. చీర కొంగు ఎప్పుడూ భుజం మీదుగా కప్పుకునేవారు. మా అందరి ఒళ్లూ చదివిన మనిషి ఒంట్లో ఏముందో మేం చదవలేదు. రొమ్ము క్యాన్సరని పోయాకే తెలిసింది. ఆ రోజు ఇంటికొచ్చి నాన్న గోడకానుకుని కూర్చున్నాడు.

"సదువుకున్నదానివి. నువ్వన్న అడగకపోతివి."

అడగాలనుకున్నాను నాన్నా అని కూడా అనలేకపోయాను.

మూడు నెలలైంది. ఉధనా వైపు ఇంకో ఫిజియోథెరపీ సెంటర్‌కి వెళ్లాం. కరెంటు మిషన్ తగిలించి పది నిమిషాలు వదిలేశారు. రెస్ట్ తీసుకోమన్నారు. రెస్టే మా జబ్బుకి బలం అని చెప్పాలనుకుని, ఫైలు సర్దుకుని వచ్చేశాను. పెద్దాసుపత్రిలో చెప్పిన సూదులు మా అందుబాటులో లేవు. ఆవిడ నేర్పినవన్నీ చేస్తున్నాను. సరిగ్గా చేస్తున్నానో లేదో చెప్పేవాళ్లు లేరు. పొద్దున మంచం మీద కదలకుండా గడిచే సమయం పెరిగింది. ముందు పావుగంట, ఇప్పుడు గంట దాటుతోంది. పై అరలో పుస్తకం కావాలంటే అమ్మని అడుగుతున్నాను.

గోడ రోజులు రెండు చూసీ చూడనట్టు పోనిచ్చాను. ఈ ఒకటో తారీకున నాన్న షిఫ్టుకి బయల్దేరుతూ టిఫిన్ డబ్బా కింద పెట్టాడు.

"ఇయ్యాల గోడ రోజు గదా బిడ్డ. నిలవడు."

మడమలు ఆనించాను. వీపు ఆనించాను. తల వెనక్కి నొక్కాను. నా తల వెనక చూడటానికి నాన్న పక్కకి వచ్చి, డుమస్‌లో విమానం కోసం వంచినట్టే మోకాళ్లు వంచి, ఒళ్లు వెనక్కి వాల్చాడు. ఈసారి పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఒక చెయ్యి కిటికీ ఊచకి వేసి, రెండో చెయ్యి నా తల వెనక పెట్టాడు.

ఆయన వేలు ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలింది.

"తాకింది బిడ్డ," అన్నాడు తర్వాత. "మంచిగ తాకింది."

నేను ఇంకా వెనక్కి నొక్కాను. పోగులు అతికి అతికి కాయగట్టిన ఆయన వేలు, నా తలకీ గోడకీ మధ్య, అలాగే ఉంది.