వదిన చెప్పని మాట

కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ వర్క్‌షాపులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను "అడిగొస్తా". తప్పొప్పులు తేల్చాల్సిన విషయం ఏదొచ్చినా వాళ్ళ వదినను అడిగి వచ్చేవాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆవిడ మాట ఒక్కసారీ తప్పలేదు. అందుకే నలభై ఏళ్ళొచ్చినా, అలాంటి విషయాల్లో సొంత బుర్రకు పని పెట్టాలని అతనికి తోచలేదు.

ఒకసారి ఎవరిదో కాలికొలత తీసిన ప్లాస్టర్ అచ్చు అతని చేతిలోంచి జారి పగిలింది. ఎవరూ చూడలేదు. మర్నాడు తనే వెళ్ళి సూపర్‌వైజర్‌కు చెప్పేశాడు.

"మంచిపని చేశావు. ఎందుకు చెప్పాలనిపించింది?"

"మా వదిన చెప్పమంది సార్."

సూపర్‌వైజర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే నిజాయితీ మీ వదినది. మరి నీదేంటయ్యా?"

ఆ రోజు అతనికి అన్నం సయించలేదు.

ఆ నెలలోనే ఉత్తరాలు పంచే ఒకావిడ వచ్చింది. ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయింది. సోమవారం డ్యూటీలో చేరకపోతే ఆమె తిరిగే వీధులు ఇంకొకరికి ఇచ్చేస్తారు. శుక్రవారం కొత్త కాలు తొడిగి, రెండు కడ్డీల మధ్య నడిపించారు.

"దూదిలా ఉందన్నా. ఎక్కడా నొప్పి లేదు" అంది నవ్వుతూ.

సూపర్‌వైజర్ కాగితం అతని ముందుకు తోశాడు. కాలు సరిపోయిందని సంతకం చేస్తే పని అయిపోయినట్టే. అతను సంతకం పెట్టలేదు. ఫోను పట్టుకుని వరండాలోకి నడిచాడు.

వదిన అంతా వింది. "ఆమే బాగుందంటుంటే నీకెందుకు అనుమానం?"

"ఏమో వదినా. మనసొప్పడం లేదు."

"అక్కడ లేనిదాన్ని, నేనేం చెప్పను నాయనా? కళ్ళు నీకున్నాయి. వెళ్ళి చూసుకో" అని పెట్టేసింది.

నడిసముద్రంలో వదిలేసినట్టయింది అతనికి. ఫోను జేబులో పెట్టుకుని లోపలికొచ్చాడు. ఆమెను ఇంకోసారి నడవమన్నాడు. ఈసారి కాలిని కాదు, మనిషిని చూశాడు. పెదవులు నవ్వుతున్నాయి. కడ్డీ మీద వేళ్ళు మాత్రం తెల్లగా పాలిపోయాయి. మలుపు తిరిగేచోట ఊపిరి బిగబట్టింది. తను సంతకం పెడితే ఆ బాధను ఆమె వీధి వీధికీ మోసుకుపోవాలి. అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

అతను ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. "చెబితే ఉద్యోగం చేజారుతుందని దాస్తున్నారు కదా. సోమవారానికి నేను సరిచేసిస్తాను. ఎక్కడమ్మా నొప్పి?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకాలి కింద ఎముక దగ్గర వేలు పెట్టి చూపించింది.

"ఆవిడే బాగుందంటే నీకొచ్చిన ఇబ్బందేంటయ్యా?" అన్నాడు సూపర్‌వైజర్.

"దాచుకోక ఆవిడకు గత్యంతరం లేదు సార్. చూశాక చూడనట్టు నేనెలా ఉండగలను?"

"ఇదీ మీ వదిన మాటేనా?"

"కాదు సార్. నాకే కనిపించింది."

సూపర్‌వైజర్ ఇంటికెళ్ళడానికి భుజాన వేసుకున్న సంచీ తీసి మేకుకు తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

అచ్చు మళ్ళీ పోశారు. శనివారమంతా, ఆదివారం సగం ఇద్దరూ అరగదీస్తూ, తొడిగి చూస్తూ, మళ్ళీ అరగదీస్తూ గడిపారు. ఆదివారం సాయంత్రం ఆమె కడ్డీలు వదిలేసింది. వరండా చివరిదాకా వెళ్ళి, తిరిగి, అదే ఊపులో వెనక్కి వచ్చింది. అప్పుడు అతను కాగితం తీసుకుని సంతకం పెట్టాడు.

బుధవారం మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. భుజాన ఉత్తరాల సంచీతో ఆమె వర్క్‌షాపున్న రెండో అంతస్తుకు ఎక్కి వచ్చింది. వర్క్‌షాపంతా పని ఆపి గుమ్మం దగ్గర గుమిగూడింది.

"పార్సిల్ ఎవరు తీసుకుంటారు? త్వరగా రండన్నా" అంది ఆమె, "ఇంకా మూడు వీధులున్నాయి నాకు."