మోకాలి మీద చెయ్యి

హెలికాప్టర్ మమ్మల్ని మధ్యాహ్నం రెండుంపావుకి దించింది. వాన అప్పుడే ఆగింది. మొదటి అడుగు బురదలో పడింది. రెండో అడుగుకి కాలు పైకొచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది. అలా మొదలైంది ఆఫ్రికాలో శాంతి సేనతో నా ఏడాది. దేశం పేరు రాయను. నేను చెప్పబోయే మనిషి అనుమతి తీసుకోలేదు, అందుకని. ఆమెని అచోల్ అంటాను, అది కూడా అసలు పేరు కాదు.

నల్లరేగడి నేల. చుట్టూ ముళ్లకంచె. హెల్మెట్, తూటా ఆపే జాకెట్ కలిపి పదకొండు కిలోలు. నా అసలు సామాను వేరే పెట్టెలో ఉంది: సాగే రబ్బరు పట్టీలు, ఇసక సంచులు, కీలు ఎంత వంగుతోందో కొలిచే ప్లాస్టిక్ స్కేలు. ఆర్మీ మెడికల్ కోర్‌లో హవల్దార్‌ని, చేసే పని ఫిజియోథెరపీ. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో సగం మంది నేను యుద్ధం చేసొచ్చానని ఇప్పటికీ నమ్ముతారు. నేను చేసింది మోకాళ్లు వంచడం.

ఇరవై అడుగుల ఇనప కంటైనర్ నా గది. ఒక మంచం, పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, ఒక ఫ్యాను. ఎండాకాలం పన్నెండింటికి లోపల నలభై మూడు డిగ్రీలు. మంగళ, శుక్రవారాలు ఉదయం ఎనిమిది నుంచి కంచె అవతలి ఊరివాళ్లకి వైద్యం. మిగతా రోజులు జవాన్ల నడుములు.

ఫిబ్రవరిలో అచోల్ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. తొడలోంచి తూటా దూసుకుపోయింది. ఎముక అతుక్కుంది, మోకాలు బిగుసుకుపోయింది. స్కేలు పెట్టి చూస్తే ముప్ఫై డిగ్రీలకి మించి వంగడం లేదు. ఆమెకి నాలుగు ఆవులు, ముగ్గురు చిన్నపిల్లలు. అక్కడ పెద్ద మగాళ్లు పాలు పితకరు, అది వాళ్ల కట్టుబాటు. పొరుగావిడ పితికిపెడుతోంది. మేలో వానలు పడగానే ఆవిడ తన మందని తోలుకుని ఎగువకి వెళ్లిపోతుంది. ఆలోగా అచోల్ ఆవు పక్కన కూచోగలగాలి. లేకపోతే పిల్లలకి పాలు ఉండవు. నా డ్యూటీ కూడా మే నెలతోనే సరి.

అందుకే తొందరపడ్డాను. గట్టిగా వంచాను. ఆమె మూలిగేది కాదు, కళ్లు కూడా మూసేది కాదు. పైకప్పు కేసి చూస్తూ పడుకునేది. నలభై ఐదు వచ్చింది, అరవై వచ్చింది. నాకు మహా సంబరం. దుబాసీగా వచ్చే స్కూలు టీచరమ్మతో, "ఈమె ఓర్పు మా దేశంలో ఎవరికీ లేదు" అన్నాను కూడా.

ఎందుకన్నానో చెప్పాలి. విశాఖలో పనిచేసేటప్పుడు జవాన్ల తల్లులు వచ్చేవారు, అందరూ మా వైపు వాళ్లే. చెయ్యి వెయ్యకముందే మొదలు. "ఓలమ్మో, సంపేస్తన్నాడర్రా! నీ సేతులిరిగిపోనూ!" అయిపోయాక వాళ్లే సంచిలోంచి జీడిపలుకులు తీసి నా గుప్పిట్లో పోసేవారు. పద్నాలుగేళ్లు ఆ కేకలే నాకు కొలమానం. కేక వినిపిస్తే ఆపడం, వినపడకపోతే ఇంకాస్త వంచడం. కేక లేదంటే నొప్పి లేదనే అనుకున్నాను.

మార్చిలో ఒక మంగళవారం అచోల్ మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. పట్టుకుంటే కాలిపోతోంది. స్కేలు నలభై చూపించింది.

"నొప్పి ఉంటే చెప్పమనండి, ఎందుకు చెప్పలేదు?" అని టీచరమ్మని అడిగాను. ఆవిడ అచోల్‌ని అడగలేదు. నాకేసి చూసి తనే చెప్పింది.

"వద్దంటే మీరు గేటు దగ్గరే ఆపేస్తారని ఆమెకి భయం. నొప్పి మొదటి రోజు నుంచీ ఉంది. నేనైనా చెప్పి ఉండాల్సింది. నాకూ భయమే."

ఆ మధ్యాహ్నం మూడున్నరకి సైరన్ మోగింది, దూరంగా కాల్పులు. బంకర్‌లో నా పక్కన రేడియో ఆపరేటర్. చీపురుపల్లి వైపు వాడు, నన్ను బావా అంటాడు.

"ఏటి బావా, మొకం అలా ఏలాడేసినావు?"

సంగతి చెప్పాను. "నొప్పెడితే సెప్పాల కదరా?" అన్నాను.

"ఎవుడికి సెప్తాది? నీ బూట్లు సూసినావా? మన ఊళ్లోకి తుపాకులోళ్లొచ్చి, అందులో ఒకడు మీ యమ్మ కాలట్టుకుంటే, ఆవిడ అరుస్తాదేటి? నోరుమూసుకుని పడుంటాది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంట్లో అయితే మా అమ్మ నన్ను నాలుగు తిడుతుంది. ఇక్కడ నన్ను తిట్టే మనిషి లేదు, తనంతట అడిగే పై అధికారి లేడు. ఈ చేతులు ఏం చేసినా "ఇండియా డాక్టర్ మంచివాడు" అనే అంటారు. నేను మంచివాడినో కాదో చూడాల్సింది నేనొక్కడినే అయిపోయాను.

మా కెప్టెన్ డాక్టర్ దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన ఫైలు చూసి, "కర్రతో నడుస్తోంది కదా, కేసు మూసెయ్. మొదలుపెట్టి సగంలో వదిలి వెళ్లిపోతావు, అది మంచిదా?" అన్నారు. ఆ మాట నిజమే, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"చేతులు పెట్టను సార్. తనే చేసుకునేలా నేర్పుతాను. బూట్లు, యూనిఫాం చొక్కా విప్పడానికి అనుమతి కావాలి."

ఆయన ఒప్పుకున్నారు. "కంటైనర్ లోపల మాత్రమే. బూట్లు చేతికందేంత దూరంలో. రేడియో ఆన్‌లో."

శుక్రవారం ఎనిమిదీ ఐదుకి రేడియోలో చీపురుపల్లి వాడి గొంతు పలికింది. "గేటు నుంచి ఫిజియోకి. నీ మనిషొచ్చినాది. ఓవర్."

బనీనుతో, ఉత్త కాళ్లతో నేల మీద చాప వేసుకుని కూచున్నాను. అచోల్ నా పాదాలకేసి చూసి టీచరమ్మతో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. ఏమందో నాకు చెప్పలేదు. నా మోకాలు చూపించి, చీలమండకి తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకుని లాక్కోవడం నేర్పాను. ఎంత లాగాలో, ఎప్పుడు ఆపాలో ఆమె ఇష్టం. స్కేలు నత్తనడక నడిచింది. నలభై ఐదు. యాభై. ఒక వారం అసలు కదల్లేదు. నా చేతులు దురదపెట్టేవి, వాటిని తొడల కింద పెట్టుకుని కూచునేవాణ్ణి.

మేలో మొదటి వాన పడేసరికి ఎనభై. గొంతుక్కూచోవడానికి చాలదు. అప్పుడు వంటింట్లో పీట మీద కూచునే మా అమ్మ గుర్తొచ్చింది. తూటాల పెట్టె చెక్కతో జానెడెత్తు పీట చేశాను. ఇన్నేళ్ల చదువులో నాకు తట్టిన గొప్ప ఆలోచన అదే.

ఆఖరి శుక్రవారం అచోల్ బిగుసుకున్న కాలు కాస్త ముందుకి చాచి ఆ పీట మీద కూచుంది. ముందుకి వంగి, గాలిలోనే లేని పొదుగుని రెండు చేతులా పితికి చూపించింది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. ఆవు దగ్గర నిజంగా కూచుందో లేదో నేను చూడలేదు. సోమవారం నన్ను హెలికాప్టర్ ఎక్కించారు.

ఉదయం ఆరూ నలభైకి ఆమదాలవలసలో రైలు దిగాను. అమ్మ గుమ్మంలోనే, "ఏటి సేసొచ్చినావురా ఏడాది?" అంది. నేను బూట్లు విప్పి లోపలికి నడిచాను. ఇప్పుడు పెన్షన్ తీసుకుని శ్రీకాకుళంలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. విదేశాలకి వెళ్లే ఫిజియో కుర్రాళ్లు పరీక్షల గురించి, వీసా గురించి అడగడానికి వస్తారు. అవి నాకు తెలియవు. తెలిసినది ఒకటే చెప్తాను.

ఆ ఆఖరి శుక్రవారం పీట మీద అచోల్ మోకాలు ఇంకో రెండు వేళ్ల మేర వంగితే బావుండుననిపించింది. ఆశ. నాకు తెలియకుండానే చెయ్యి వెళ్లి ఆ మోకాలి మీద పడింది, నొక్కబోయింది. అచోల్ పితకడం ఆపింది. మొదటిసారి సూటిగా నా కళ్లలోకి చూసింది. నా మణికట్టు పట్టుకుని, చెయ్యిని మోకాలి మీంచి తీసి, మెల్లిగా నా ఒళ్లోనే పెట్టేసింది.