ఎర్రమందు వేసే పద్ధతి

గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు బావుల్లో వేసే ఎర్రమందు గురించి మా సంఘం తరఫున కరపత్రం రాసింది నేనే. సభల్లో ఎదుటివాడి నోరు మూయించడమే గొప్ప అనుకునే వయసు. అమ్మవారికి కోళ్లు కోస్తే గత్తర పోతుందా అంటూ మొదటి పేజీ అంతా చెలరేగిపోయాను. మందు వాడే పద్ధతి వెనక పేజీ అడుగున ఉంది.

బడి చదువంతా ఉర్దూలో కావడంతో, అప్పటి అమీర్‌పేటలో తెలుగు చదవగలిగినవాళ్లు వాడకు ఒకరో ఇద్దరో. ఒకరు అరుగు మీద కూర్చుని పైకి చదివితే, తక్కినవాళ్లు చేతిపని ఆపకుండా వినేవాళ్లు. సాలెవాడలో మా కాగితం సగం చదవకముందే అందరూ లేచిపోయారని తెలిసి, నేనే వెళ్లాను.

బావి పక్కింట్లో కోడలు వాంతులతో పడి ఉంది. కరపత్రంతో పాటు మేం పంచిన మందు పొట్లం విప్పనే లేదు. అత్త నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"గదంత సదవకు బిడ్డా. మమ్ముల తిట్టుడు మస్తు విన్నం. మందు ఎట్లెయ్యాల్నో గది చెప్పు."

తల ఎత్తకుండా కాగితం తిప్పి చదివాను. బొక్కెన నీళ్లలో మందు కలపాలి అనగానే ఆమె కలిపింది. బావిలో పోయాలి అనగానే పోసింది. తెల్లారేదాకా ఆ నీళ్లు తోడకూడదన్నది ఆ తరువాతి వాక్యం.

ఇంట్లో కుండలన్నీ ఖాళీ. లోపల కోడలు దాహమంటోంది.

"గీ మాట ముందుగాల జెప్పొద్దా?" అంది అత్త. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

కుండ తీసుకుని పంజాగుట్ట వైపు తోటబావికి నడిచాను. నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని వస్తుంటే, సభలో నా చేత మాటలు పడ్డ ఒకాయన ఎదురయ్యాడు.

"ఏం పంతులూ, అమ్మవారికి బోనమెత్తినవా?"

కుండ సర్దుకుని దాటిపోయాను.

అత్త నీళ్లు కాచి, చల్లార్చి, కొంచెం కొంచెంగా కోడలికి తాగించింది. ఈలోగా పక్కవాడ ఆడవాళ్లు తమ బావికీ మందు వేస్తామని పొట్లంతో వచ్చి, నన్ను చదవమన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టాను.

ముందు కుండలు నింపి నీళ్లు కాచుకోండి అన్నాను. వాళ్లు ఆ పని ముగించుకుని వచ్చేదాకా రెండో మాట చెప్పలేదు.