అల్ ఖోర్ క్యాంపులో అమెరికా అభ్యర్థులు

శుక్రవారం ఉదయం ఎనిమిదీ యాభైకి బిన్ మహమూద్ మెట్రో స్టేషన్ ముందు ఉన్నవారు, ఉన్నవి: నేను, మా ఆఫీసు డ్రైవర్ రాజేశం, మెట్రో కార్డులు రెండు, లీటరు నీళ్ళ సీసాలు రెండు, స్టీలు డబ్బాలో పులిహోర, ఫోన్ ఛార్జర్, ప్లాస్టిక్ కవరులో మడత పడకుండా పెట్టిన కాగితం ఒకటి. ఆ కాగితం మీద 2028 అమెరికా అధ్యక్ష ఎన్నికలో నిలబడే అవకాశం ఉందని నేను అనుకుంటున్న పదిహేడు మంది పేర్లున్నాయి. ఒక్కొక్కరికి ఆరు గడుల్లో పదేసి మార్కులు, మొత్తం అరవైకి.

ప్రయాణానికి కారణం ఆ కాగితమే. నాది కాకినాడ. దోహాలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా ఇది నాలుగో ఏడు. మా ఆఫీసులో మధ్యాహ్న భోజనాల దగ్గర సినిమాల కంటే ఎక్కువగా నడిచే చర్చ, వచ్చేసారి అమెరికాలో ఎవరెవరు నిలబడతారన్నది. ఒకరోజు కారులో నా పట్టిక గురించి ఫోన్‌లో మాట్లాడుతుంటే రాజేశం అద్దంలోంచి చూసి అన్నాడు: "సార్, మా పాత క్యాంపుల మా ఊరాయన ఒకాయన ఉన్నడు, లింబన్న మామ. అమెరికాల ఎవ్వలు నిలబడతరో, ఎవ్వలు ఉత్తగ తిరుగుతున్నరో మొకం జూసి చెప్తడు."

"ఆయనేం చేస్తారు?"

"స్కాఫోల్డింగ్ల చార్జ్‌హ్యాండ్."

గ్యాస్ ప్లాంటులో ఎత్తున పని చేసేవాళ్ళ కోసం ఇనుప గొట్టాలతో పరంజాలు కట్టే బృందానికి ఆయన పెద్ద అన్నమాట. నా పట్టిక సరిపోల్చుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదనిపించింది.

శుక్రవారాల్లో మెట్రో తొమ్మిదికి మొదలవుతుంది. వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్ళేవారు ముందురోజు సరిచూసుకోవాలి. బిన్ మహమూద్ నుంచి ముషైరిబ్ ఒక్క స్టేషనే. అక్కడ రెడ్ లైన్‌లోకి మారి ఉత్తరం వైపు చివరిదాకా వెళితే లుసైల్. ఛార్జీ రెండు రియాళ్ళు. లుసైల్‌లో పులిహోర తిని, పదీ ఇరవైకి అల్ ఖోర్ బస్సు ఎక్కాం.

బస్సులో మా ముందు సీటులో ఏలూరు నుంచి వచ్చిన నర్సు ఒకావిడ కూర్చుంది. నా చేతిలోని కాగితం చూసి, "ఏంటండీ, పరీక్ష మార్కులా?" అని అడిగింది. చెప్పాను.

"మీకు అమెరికాలో ఓటుందాండీ?"

"లేదండి."

"ఇక్కడ?"

"లేదండి."

"కాకినాడలో?"

"ఉందండి. పోయినసారి సెలవు దొరక్క వెయ్యలేదు."

"బాగుందండీ," అని ఆవిడ ఇటు తిరిగి ఇంకోసారి పేర్లన్నీ చదివింది. మూడో పేరు మీద వేలు పెట్టి, "ఈయన నిలబడడు. భార్యకి ఇష్టం లేదు. ఇంటర్వ్యూలో ఆవిడ కూర్చున్న తీరు చూశారా?" అంది. నేను చూడలేదు. నా ఆరు గడుల్లో ఆ గడి లేదు.

ఆమె దిగిపోయాక రాజేశం అసలు సంగతి చెప్పాడు. క్యాంపులో కార్మికుల కమిటీకి ఎన్నిక జరగబోతోంది. కార్మికులకు మూడు సీట్లు. గెలిచినవాళ్ళు నెలకోసారి మేనేజర్లతో కూర్చుని మాట్లాడతారు. నామినేషన్ కాగితం క్యాంపు ఆఫీసులోని డబ్బాలో వెయ్యడానికి ఆ రోజు సాయంత్రం ఐదే గడువు. వేసవి అంతా డ్యూటీ అయ్యాక బస్సు గంట ఆలస్యంగా వచ్చేదట. ఎండలో పన్నెండు గంటలు నిలబడినవాళ్ళు ఆ గంట గేటు పక్క నేల మీద కూర్చునేవారట. దాని గురించి మేనేజర్ ముందు నోరు విప్పగలవాడు లింబన్న ఒక్కడేనని స్కాఫోల్డింగ్ వాళ్ళందరి నమ్మకం.

"మరి నిలబడుతున్నారా?"

"ఒప్పుకుంట లేడు సార్. పాత కంపెనీల ఇట్లనే ఒకపారి గట్టిగ మాట్లాడిండు. కాంట్రాక్టు రెన్యువల్ చెయ్యలే. రెండేండ్లు ఇంటికాడ ఉన్నడు. ఇప్పుడు మళ్ళ రెండు నెలలల్ల రెన్యువల్ ఉంది."

పదకొండూ పదికి అల్ ఖోర్‌లో దిగాం. జుమా నమాజు వేళ దుకాణాలు మూసేస్తారు కాబట్టి నీళ్ళు, పళ్ళు ముందే కొనుక్కోవడం మంచిది. సముద్రపు ఒడ్డున అరగంట కూర్చున్నాం. కట్టేసిన చేపల పడవలు ఇరవై రెండు లెక్కపెట్టాను. నీళ్ళు పల్చటి ఆకుపచ్చ రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. పన్నెండున్నరకు టాక్సీలో క్యాంపు చేరాం. గేటు దగ్గర నేపాలీ కాపలాదారు మా బతాకాలు, అంటే ఖతర్ గుర్తింపు కార్డులు, తీసుకుని పుస్తకంలో రాసుకున్నాడు. సందర్శకులు అసలు బతాకా తీసుకెళ్ళాలి, ఫోన్‌లో ఫోటో చెల్లదు.

లింబన్న అసలు పేరు లింబాద్రి. ఆయనకు యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, తెల్ల బనియను, మడిచి కట్టిన లుంగీ. నాలుగు మంచాల గది. ఆయన మంచం పక్క కిటికీ ఊచలకు సన్నని తీగతో వేలాడదీసిన ప్లాస్టిక్ ట్యాగులు కనిపించాయి. పరంజా కట్టాక దాన్ని తనిఖీ చేసి తగిలించే ట్యాగులవి. పచ్చది ఉంటే ఎక్కొచ్చు. పసుపుదైతే జాగ్రత్తలు పాటిస్తూ ఎక్కాలి. ఎర్రది ఉంటే ఎవరూ కాలు పెట్టకూడదు. పని ముగిశాక పారేసిన ట్యాగులను ఈయన తెచ్చుకుని, వెనకవైపు అమెరికా అభ్యర్థుల పేర్లు రాశారు.

అసలు పేర్లు కావు. క్యాంపులో ఎవరూ వాటిని వాడరు, నేనూ ఇక్కడ రాయను. పొడుగాయన, వకీలమ్మ, టీవీ సారు, గోధుమల గవర్నర్, ఇలా ఉన్నాయి. నా పదిహేడు మందినీ వాటితో పోల్చుకోవడానికి పావుగంట పట్టింది. అందరూ ఉన్నారు. ఎరుపు తొమ్మిది, పసుపు ఆరు, పచ్చ రెండు.

ముందు భోజనం. కోడికూర, పచ్చిపులుసు, అన్నం. వండింది పక్క మంచం పోశెట్టి. ఆయన తాపీమేస్త్రి, లింబాద్రి గారికి పదేళ్ళ స్నేహితుడు. వడ్డిస్తూనే మొదలుపెట్టాడు.

"తిను సార్ మంచిగ. ఈయన ముచ్చట మొదలువెడితే మళ్ళ చాయ్ దాక లెవ్వనియ్యడు. ఇంట్ల పెండ్లాం ఫోన్ జేసినా, ఆగు, అమెరికాల ఉన్న అంటడు."

"ఆమెకు నేను దుబాయ్‌లనే ఉన్న గదా," అన్నారు లింబాద్రి గారు. "ఖతర్ అంటే ఇప్పటికీ నమ్మది."

ఒంటిగంటన్నర నుంచి ఆయన పద్ధతి విన్నాను. చదువుకున్నది ఏడో తరగతి. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఉపన్యాసాలను ఫోన్‌లో శబ్దం తీసేసి చూస్తారు.

"సౌండ్ పెడితే వాళ్ళ మాటల పడి కొట్టుకపోతం సార్. బంద్ పెట్టి ఎన్క నిలబడ్డోళ్ళ మొకాలు సూడాలె. వాళ్ళు ఆయన దిక్కు సూస్తున్నరా, కెమెరా దిక్కు సూస్తున్నరా? కెమెరా దిక్కు సూస్తే వాళ్ళు కిరాయికి వచ్చినోళ్ళు."

నా పట్టికలో మొదటి స్థానం పొడుగాయనది. అరవైకి యాభై ఒకటి. ఆయనకు ఇక్కడ ఎర్ర ట్యాగ్. కారణం అడిగాను.

"ఎత్తు జూసి మోసపోవద్దు సార్. స్కాఫోల్డ్ నిలబడ్డదా లేదా అని తల పైకెత్తి సూసేటోడు కొత్తోడు. ముందుగాల్ల గొట్టాల కింద మన్ను మీద ఏసే కింది ప్లేటు సూడాలె, మన్ను గట్టిగున్నదా సూడాలె. ఈయనకు సొంత రాష్ట్రంలనే పక్కకొచ్చి నిలబడేటోడు ఒక్కడు లేడు. పోయినేడు పోటీల ఓడిపోయిన వాళ్ళ పార్టీ మేయరును పలకరిద్దామని గూడ పోలే. అడ్డం గొట్టాలు లేవు. ఒంటి గొట్టం ఎంత పొడుగుంటే అంత జల్ది పడతది."

ఏడు రోజులకోసారి ప్రతి పరంజానూ మళ్ళీ తనిఖీ చెయ్యాలన్నది సైట్ నియమం. ఆయన అభ్యర్థులకూ అదే వర్తింపజేస్తారు. ప్రతి శుక్రవారం ట్యాగులన్నీ దించి, తుడిచి, తారీఖు మార్చి, సంతకం పెట్టి తిరిగి కడతారు. నా పట్టికను నేను చివరిసారి సరిచేసి ఐదు వారాలైంది.

"నిలబడను అని చెప్పేవాళ్ళనేం చేస్తారు?" అని అడిగాను.

"లెక్కవెడ్త. ఒకపారి అంటే ఆలోచన జేస్తున్నట్టు. రెండుసార్లంటే ఇంట్ల అడుగుతున్నట్టు. మూడు ఊర్లల్ల మూడుసార్లు అన్నడంటే కాయితాలు తయారున్నట్టు."

పోశెట్టి చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. "అరె లింబన్నా! పొద్దుగాల నాష్టా కాడ నిలబడ అన్నవు. నల్లా కాడ అన్నవు. ఇంతకుముందు వంట కాడ అన్నవు. మూడైనయి!"

పక్క గదుల్లోంచి వచ్చి గోడకానుకుని వింటున్న నలుగురైదుగురు ఘొల్లున నవ్వారు. రాజేశం నవ్వుతూనే ఖాళీ పసుపు ట్యాగు మీద "లింబన్న" అని రాసి ఊచకు కట్టాడు. లింబాద్రి గారు దాన్ని విప్పి, వెనకా ముందూ తిప్పి చూశారు.

"తారీఖు లేదు, సంతకం లేదు. చెల్లది," అని మంచం మీద పెట్టారు. నవ్వలేదు. "రెండేండ్లు ఊర్లె కూసుంటే ఎట్లుంటదో మీకేం ఎరుక. పొద్దున లేస్తె డ్యూటీ లేదు. సేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వది."

పోశెట్టి నా వైపు తిరిగాడు. "సార్, నీ కాయితంల ఈయన్ని ఏసి సూడు. ఎంతొస్తది?"

కాదనలేక వేశాను. నిధులు, సున్నా. టీవీలో కనిపించడం, సున్నా. పార్టీ అండ, సున్నా. వయసు, ఐదు. అనుభవం, నాలుగు. ఉపన్యాసం, ఆయన్ని అడిగితే తానే రెండు అన్నారు. మొత్తం అరవైకి పదకొండు.

"సూసిన్రా," అన్నారు లింబాద్రి గారు, కొంచెం తేలికపడినట్టు. "సదువుకున్న సార్ లెక్క."

"లింబాద్రి గారూ, నా పట్టిక తప్పు," అన్నాను. "పొద్దున్నుంచి ఇద్దరు దాన్ని తప్పని చూపించారు. మీరు రెండోవారు."

ఆయన చాయ్ తాగడం ముగించారు. గ్లాసు కింద పెట్టి, ఎవరినీ చూడకుండా అడిగారు: "ప్లంబింగ్ వాళ్ళల్ల నామినేషన్ ఎవ్వలు వేసిన్రు?"

పోశెట్టి చెప్పాడు. ఆయన తల ఊపి, "ఎలక్ట్రికల్ల?" అన్నారు. అదీ చెప్పాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. గోధుమల గవర్నర్‌కు పచ్చ ట్యాగ్ ఎందుకిచ్చారో ఇరవై నిమిషాలు వివరించారు. నేను మూడు పేజీలు రాసుకున్నాను.

నాలుగూ పదికి బయల్దేరాం, లేకపోతే బస్సు తప్పిపోతుంది. ఆయన గేటుదాకా వచ్చారు. ఆఫీసు గది దారిలోనే ఉంది. తలుపు పక్కన నీలం డబ్బా. దాన్ని దాటుతున్నప్పుడు ఆయన నడక ఏమీ మారలేదు, నేను గమనించాను. "మళ్ళ రా సార్. ఈపారి నీ కాయితం పెన్సిల్‌తోని రాసుకోని రా," అన్నారు.

తిరుగు బస్సు నాలుగూ నలభైకి. కిటికీ పక్క ఇసుక, కరెంటు స్తంభాలు, చదునైన ఆకాశం. రాజేశం ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఐదు దాటింది. ఐదుంపావు. లుసైల్‌లో మెట్రో మెట్లు దిగుతుండగా పోశెట్టి వాయిస్ మెసేజ్ వచ్చింది. రాజేశం స్పీకర్ పెట్టాడు.

"అరే రాజేశం, సార్‌కు చెప్పు. ఐదింటికి ఎనిమిది నిమిషాల ముందు లేసి అంగి తొడుక్కున్నడు. ఏడికిరా అంటే, రెన్యువల్ కాకుంటే నీ ఇంట్ల ఉంట, అన్నం పెడ్తవా అన్నడు. పెడ్త గని కోడికూర రోజూ ఉండదు అన్న. ఇద్దరం నడుస్తుంటే గదులల్లకెళ్ళి ఒక్కొక్కడు చెప్పులేసుకోని బయటికచ్చిండు. ఆఫీసుల క్లర్కు భయపడ్డడు, కొట్లాటనా అని. యల్లా, కాయితం డబ్బల వేసిండు!"

రాజేశం దాన్ని మూడుసార్లు విన్నాడు. మూడోసారి మా పక్కన నిలబడ్డ బంగ్లాదేశీ కూడా, భాష తెలియకుండానే, నవ్వాడు.

అల్ ఖోర్‌కు సముద్రం కోసం, పడవల కోసం వెళ్ళేవారు చాలామంది ఉంటారు. అవి నిజంగా బాగుంటాయి. నాకు మాత్రం ఆ ఊరు అంటే, ప్రపంచంలో అతి పెద్ద పదవికి ఎవరు తగినవారో వారం వారం వంగి కింది ప్లేటు నుంచి చూసే ఒక మనిషి. నాలుగేళ్ళలో నేను కలిసిన ఇంజినీర్లలో అంత శ్రద్ధగా తనిఖీ చేసేవాళ్ళు ఎక్కువమంది లేరు.

ఆరూ నలభైకి బిన్ మహమూద్‌లో దిగాం. అప్పటికి పోశెట్టి నోటీసు బోర్డు ఫోటో పంపాడు. మూడు సీట్లకు పోటీలో ఉన్నవారు తొమ్మిది మంది.