సిగ్నీ వదిన ఎడమ రెక్క

నాలుగేళ్లుగా నేను పొద్దున లేచి మొట్టమొదట చేసే పని టీకి నీళ్లు పెట్టుకోవడం. ఈ చలికాలం నుంచి అది రెండో పని అయింది. మొదటిది, పొయ్యి వెనక ఉన్న ఇంజను ఆయిలు డబ్బాను ముందుకు జరపడం. సాయంత్రం విమానంలోంచి ఆయిలు దింపి ఇంట్లోకి తెచ్చుకోకపోతే, తెల్లారేసరికి అది ఇంజన్లోనే బెల్లం పాకంలా బిగుసుకుపోతుంది. పెళ్లయిన దగ్గర్నుంచి పంతొమ్మిది చలికాలాలు ఆ చోట మా ఆయన హల్వర్ డబ్బా ఉండేది. ఆయన పోయాక అక్కడ బూట్లు ఆరబెట్టుకునేదాన్ని. ఇప్పుడు బూట్లు గుమ్మం దగ్గరికి పోయాయి. డబ్బా మళ్లీ వచ్చింది. ఇది ఆయన అక్కగారిది.

సిగ్నీ వదిన ఇల్లు గుట్ట మీద. నది గడ్డకట్టాక విమానాలు దిగేది మా ఇంటి ముందరి మంచు మీదే. ఆయిలు మోసుకుంటూ గుట్టెక్కడం దేనికని మా ఇంట్లో పెట్టింది. పెట్టనా అని అడగలేదు. ఆమె ఎప్పుడూ ఏదీ అడిగి చేసిన మనిషి కాదు.

పంతొమ్మిదో ఏట, చేపలు కొనడానికి వచ్చే ఒకాయన దగ్గర విమానం నడపడం నేర్చుకుందట. తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఈ నది పొడుగునా ఆమె మోయనిది లేదు. ఉత్తరాలు, పొయ్యిలు, కుక్కలు, శవపేటికలు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు. మా పక్కింటి మత్రోనా రెండో కూతురు ఆ విమానంలోనే పుట్టింది. “వెనక్కి చూడకు సిగ్నీ, ముందుకు చూడు!” అని మత్రోనా అరిచిందట. “నేను ముందుకే చూస్తున్నాను, నువ్వు నా జుట్టు వదులు” అందట వదిన. తమ్ముడికి విమానం నేర్పింది కూడా ఆమే.

హల్వర్ పోయిన వారానికే వదిన తన విమానాన్ని పట్నం తీసుకుపోయి అమ్మేసింది. వేరేవాళ్ల విమానంలో వెనక సీట్లో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని తిరిగి వచ్చింది. ఇక జన్మలో ఎగరనంది. ఆ నాలుగేళ్లూ వలలు బాగుచేసింది, మేజోళ్లు అల్లింది. ఏ జతలోనూ రెండు మేజోళ్లు ఒక్క పొడుగు లేవు.

అలాంటి మనిషి మొన్న శరత్కాలంలో పళ్లు చూపించుకుంటానని పట్నం వెళ్లి మూడు వారాలు రాలేదు. తర్వాత కొన్నాళ్లకు మళ్లీ వెళ్లింది. నది మీద మంచు గట్టిపడ్డ మొదటి వారంలో పసుపు రంగు చిన్న విమానం ఒకటి మా ఇంటి ముందు దిగింది. రెండే సీట్లు, చక్రాల చోట మంచు మీద జారే పట్టాలు. అందులోంచి వదిన దిగింది.

“పళ్లు బాగయ్యాయా?” అన్నాను.

“పళ్లు అక్కడే వదిలేశాను. ఇది తెచ్చుకున్నాను.”

“మళ్లీ నడపనిచ్చారా నిన్ను?”

“డాక్టరు గుండె చూశాడు, కళ్లు చూశాడు. పరీక్ష పెట్టినాయన వెనక సీట్లో కూర్చుని నాలుగుసార్లు ఎక్కించి దింపించాడు. ఐదోసారి గురక పెట్టాడు. అంతకన్నా మంచి మార్కులేం కావాలే నాకు?”

ఊరంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె ఏదో దాస్తోందని ఆ మొదటి రోజే అనిపించింది. ఎందుకంటే నేనూ ఒకటి దాచుకున్నదాన్నే.

హల్వర్ విమానం రెక్కలు గుడ్డవి. లోపల చెక్క ఎముకలు, వాటి మీద బిగించిన గుడ్డ. ఆ గుడ్డను ప్రతి ఎముకకూ మైనం దారంతో కుట్టాలి, కుట్టు కుట్టుకూ ముడి వేయాలి. ఆయన పోవడానికి రెండేళ్ల ముందు కొత్త గుడ్డ వేసినప్పుడు, నెస్టర్ షెడ్డులో ఆ రెండు రెక్కలూ కుట్టింది నేనే. నెస్టర్ ఈ నది మీద విమానాలు బాగుచేసే మనిషి. మూరెడు సూది నేను ఇటునుంచి గుచ్చితే హల్వర్ అటునుంచి లాగేవాడు. నాది ఎడమచేతి వాటం. అందరి ముడులూ ఎముకకు కుడి అంచున పడితే నావి ఎడమ అంచున పడేవి. “గట్టిగా ఉంటే చాలమ్మా, ఏ అంచైతేనేం” అన్నాడు నెస్టర్.

మార్చిలో ఒకరోజు ఎగువనున్న సరస్సు మీద దిగబోతూ హల్వర్ కూలిపోయాడు. ఆకాశమూ నేలా ఒకే తెలుపైపోయి ఏది ఏదో తెలియలేదని కాగితాల్లో రాశారు. చూసినవాళ్లెవరూ లేరు. నా ముడి ఒకటి జారి గుడ్డ లేచిపోయిందేమో? ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, పాపం ఒప్పుకునేచోట ఫాదరుతో కూడా. ముక్కలు తేవడానికి వెళ్తున్న నెస్టర్‌తో మాత్రం, “అంతా తగలబెట్టెయ్యి. ఒక్క మేకు కూడా నా కళ్లపడకూడదు. దాని గురించి ఒక్క మాట నా ముందు ఎత్తొద్దు” అన్నాను. అతను తలూపాడు. ఎత్తలేదు.

వదిన వచ్చిన రెండో రోజే రెక్కలకు తొడుగు కుట్టిపెట్టమంది. మంచు పట్టకుండా రెక్కల మీద కప్పే తొడుగులు ఈ ఊళ్లో నేనే కుడతాను.

“ఒక్కటి చాలు. కుడి రెక్కకి.”

“ఎడమదానికి?”

“ఉంది.”

జత కాకుండా ఒక్క తొడుగు ఎవరి దగ్గరుంటుంది? పైగా ఎండ కాసిన రోజు కూడా ఎడమ రెక్క మీది తొడుగు తీసేది కాదు. ఎగరబోయే ముందు తానే తీసేది, దిగీ దిగగానే తానే కప్పేది. నేను చీపురు పట్టుకుని మంచు దులపడానికి పోతే, “నువ్వు అటు పట్టు” అని కుడివైపుకు పంపేది. పొద్దున టీ తాగుతూ ఏదో చెప్పబోయినట్టు నా మొహం చూసేది. మళ్లీ డబ్బా తీసుకుని వెళ్లిపోయేది.

ఆడవాళ్ల ఆవిరి గదిలో ఒక సాయంత్రం మత్రోనా నీళ్లు రాళ్ల మీద చల్లుతూ అంది: “సీసాలే. ఇంకేముంటాయి? మందు వద్దని ఊరంతా ఓటేశాం కదా, ఇప్పుడు రెక్కలో పెట్టి తెస్తోంది మీ వదిన.”

“ఆమె టీలో చక్కెర కూడా వేసుకోదు, మత్రోనా.”

“తాగనివాళ్లే అమ్మేది. పిచ్చిదానివే నువ్వు.”

నేను నమ్మలేదు. నాకు తట్టింది అంతకన్నా చెడ్డది. ఆ రెక్క పగిలి ఉంటుంది. పగుళ్లున్నదాన్ని తెచ్చుకుని, నేను చూస్తే ఎగరనివ్వనని కప్పెడుతోంది. ఆమె తప్ప నాకు ఎవరూ లేరు. పిల్లలు లేరు, మా వాళ్లందరూ వెళ్లిపోయారు. పొద్దున తలుపు తోసుకుని వచ్చే మనిషి ఆమె ఒక్కతే.

మంగళవారం టీ తాగుతూ, “గురువారం ఎగువ సరస్సుకు పోతున్నాను. చేపలకి” అంది.

“ఆ సరస్సుకేనా?”

“చేపలు అక్కడున్నాయి మరి. నన్ను చూడ్డానికి ఇటు రమ్మంటే అవి రావుగా.”

ఆమె అంగడికి వెళ్లేదాకా ఆగి నది మీదికి దిగాను. దొంగలా చుట్టూ చూసుకుని, ఎడమ రెక్క తొడుగు తాళ్లు విప్పాను. రెక్కను పిడికిలితో కొట్టి చూశాను, సీసాల చప్పుడేమీ లేదు. సిగ్గేసింది. అంచు పొడుగునా చెయ్యి పోనిచ్చాను. పగులూ లేదు, అతుకూ లేదు. రంగు కొత్తది, నున్నగా ఉంది. తొడుగు మళ్లీ కట్టేయబోతుంటే పక్కనుంచి ఎండ పడింది. కుట్ల మీద అంటించిన పట్టీల కింద ముడులు కందిగింజల్లా వరసగా లేచి కనిపించాయి. ప్రతి వరసా ఎముకకు ఎడమ అంచున.

కుడి రెక్క దగ్గరికి పరిగెత్తి చూశాను. అక్కడ కుడి అంచున ఉన్నాయి, అందరి ముడుల్లాగే.

మంచు మీద కూలబడ్డాను. ఇంకా లేవకముందే మంచుబండి చప్పుడు వినిపించింది. ముందు నెస్టర్, వెనక పిండిబస్తా ఒళ్లో పెట్టుకుని వదిన. ఊడదీసిన తొడుగు చూడగానే ఆమె బస్తా కింద పెట్టేసింది.

“చూశావా,” అంది.

“తగలబెట్టమన్నాను నిన్ను,” అన్నాను నెస్టర్‌తో.

అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “కుడిది ముక్కలైంది, అది తగలబెట్టాను. ఇది గీత కూడా పడలేదు. మంచి రెక్కని ఈ నది మీద ఎవడు తగలబెడతాడమ్మా? మా నాన్న విరిగిన తెడ్డునే పారేసేవాడు కాదు. ఎక్కడిదో పాత తొడుగు కప్పి షెడ్డు దూలాల మీద పెట్టాను. ఈవిడ కొన్న విమానానికి ఎడమ రెక్క లోపలి దూలం చిట్లిపోయి ఉంది. రెండూ ఒకే రకం. ఈవిడ రెండోసారి పట్నం వెళ్లినప్పుడు ఇది పంపించాను.”

“గుడ్డ?”

“అంగుళం అంగుళం నొక్కి చూశాను. పట్నంలో తనిఖీ చేసినాయన కూడా చూసి సంతకం పెట్టాడు. ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు.”

వదిన అంది: “రోజూ పొద్దున చెబుదామనే వచ్చేదాన్ని, తెక్లా. నీ మొహం చూసేదాన్ని. టీ తాగి పోయేదాన్ని. వాడి రెక్క చూస్తే నీకు వాడు పోయిన రోజు గుర్తొస్తుందని…”

“అది కాదు!” అని అరిచాను. “నా కుట్లు వదినా! ఆయన్ని పడేసిన కుట్లు. వాటి మీద కూర్చుని నువ్వు కూడా ఆ సరస్సుకే పోతానంటున్నావు.”



“ఏమిటే ఆ మాట?” అంది వదిన. “నాలుగేళ్లూ ఇదా నువ్వు మోసింది?”

నెస్టర్ నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. “విను. ఆ కుడి రెక్క ఎముకలన్నీ పొడిపొడి అయ్యాయి. గుడ్డ మాత్రం వాటినే పట్టుకుని వేలాడుతోంది. దాన్ని ఊడదీయడానికి నీ కుట్లు కోసుకుంటూ పోవాల్సొచ్చింది. కత్తి రెండుసార్లు నూరుకున్నాను. నువ్వు మాటెత్తొద్దన్నావు, నేను ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.”

“నువ్వు మంచివాడివి నెస్టర్. నన్ను ఓదార్చడానికి అబద్ధమైనా చెబుతావు.”

“నేనా? మా ఆవిడ వండిన దుప్పి కూర బాగుందని ముప్పై ఏళ్లలో ఒక్కసారి చెప్పలేకపోయాను. అబద్ధం చేతనైతే నా బతుకు ఇలా ఉండేదా?”

వదిన నవ్వలేదు. “నమ్మకు,” అంది. “మా ఇద్దర్నీ నమ్మకు. రేపు షెడ్డులో పెడదాం. విప్పి మొత్తం మళ్లీ కుట్టు. నువ్వు సరే అనేదాకా ఇది లేవదు. గురువారం కాకపోతే వచ్చే గురువారం. చేపలు ఎక్కడికీ పోవు.”

బుధవారం మధ్యాహ్నం నెస్టర్ షెడ్డులో పొయ్యి మండుతోంది. పెద్ద సూది, మైనం దారం, పట్టీలు కోయడానికి బ్లేడు అన్నీ సంచిలో తీసుకువెళ్లాను. బల్ల మీద వరసగా పేర్చాను. వదిన కోటు విప్పి, చేతులు మడుచుకుని, రెక్క అవతల నిలబడింది. ఒకప్పుడు హల్వర్ నిలబడ్డ చోటు.

“ఎక్కడ మొదలుపెడతావు?”

“చూడనీ.”

మొదటి ఎముక దగ్గర మొదలుపెట్టి, ముడి ముడి మీదా బొటనవేలు పెట్టి నొక్కాను, గోటితో పక్కకు తోశాను. మెడ నొప్పెట్టింది. నెస్టర్ రెండుసార్లు టీ తెచ్చి రెండుసార్లూ తనే తాగాడు. చివరి ఎముక దాకా వెళ్లాను. కదిలినది ఒక్కటీ లేదు. అయినా నా వేలి మీద నాకు నమ్మకం లేక, చివరినుంచి మొదలుపెట్టి మళ్లీ అన్నీ తడిమాను. ఆరో ఎముక మీద ఒక ముడి మిగతావాటికన్నా లావుగా ఉంది. ఆ రోజు హల్వర్ ఏదో అంటే నవ్వి, దారం చుట్టు ఒకటి ఎక్కువ వేశాను. ఏమన్నాడో గుర్తు రాలేదు. ముడి మాత్రం రాయిలా ఉంది.

వదిన బ్లేడు నా వైపు జరిపింది. “కోస్తావా, నేను కోయనా?”

“కోయొద్దు.”

“తెక్లా, నా కోసం మానకు. నాకేం తొందరలేదు. ఒక్క వరస కుట్టు, నీ తృప్తికి.”

“ఒక్క వరస కూడా కుట్టను.”

ఆమె నా మొహంలోకి అనుమానంగా చూసింది. ఇన్నాళ్లూ నేను ఆమెను చూసిన చూపే అది. నేను సూదిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. దారం ఉండను విప్పనే లేదు.